మూడు దర్వాజల డబ్బా

ఇటు జరిగి కూర్చోండి బిడ్డా, ఆ తలుపు కూడా దగ్గరికి వేయండి. పట్టపగలు జరిగిన ముచ్చటే గానీ, విన్నవాళ్లకు వెన్నులో చలి పుట్టే ముచ్చట. ఉన్నాడో పోయాడో తెలియని మనిషి దగ్గరి నుంచి వారం వారం కబురు వస్తుంటే ఆ ఇంటి ఆడవాళ్లు ఏం కావాలి? నవ్వాలా, నెత్తి కొట్టుకోవాలా? అదే అడగడానికి ఎల్లారెడ్డి నుంచి హసీనాబీ బస్సెక్కి కామారెడ్డికి వచ్చింది, టెలిఫోన్ రుక్మాబాయి ఇంటికి.

కార్గిల్ లడాయి జరిగిన ఏడు అది. వానలు మొదలై చేన్లన్నీ నల్లగా నాని ఉన్నాయి.

రుక్మాబాయి అంటే ఎవరో చెప్పాలి కదా. ఒకప్పుడు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో కూర్చుని తీగలు గుచ్చి ఊరికీ ఊరికీ మాట కలిపిన మనిషి. ఆమె ముందున్న బోర్డు నిండా రంధ్రాలు. ఏ రంధ్రం మీది చిన్న రేకు కంటి రెప్పలా వాలితే పిలుపు ఆ ఇంటిది. నంబర్లు వాటంతట అవే కలిసే మిషన్లు వచ్చాక ఆమెకు ఆ కొలువు మీద మనసు విరిగింది. వదిలేసి, దుబాయి, మస్కట్ పోయేవాళ్ల ఇండ్ల తరఫున ఎంక్వైరీలు పట్టింది. వీసా నిజమా దొంగదా, ఏజెంటు ఎసువంటోడు, పోయిన మనిషి చెప్పిన చోటనే ఉన్నాడా, ఇవన్నీ తేల్చి చెప్పడం ఆమె పని. ఆ చెవికి ఒకసారి తగిలిన చప్పుడు మళ్లీ మరుపుండదు.

హసీనాబీ చాయ్ ముట్టలేదు. గ్లాసును అటూ ఇటూ తిప్పుతూ అంది.

"నా కొడుకు ఘనీ రంజాన్ అయినంక దుబాయి పోయిండు బాయీ. పోయినోడు ఫోన్ చెయ్యలే. వాని కంప్యూటర్ డబ్బాలకెళ్లి మాట్లాడుతున్నడు."

"ఈమెయిల్ గదా అవ్వా. ఇప్పుడు లోకమంత గట్లనే రాసుకుంటున్నరు."

"లోకం రాసుకోనీ. వాడేం రాసిండో ఎరికనా నీకు? మా కోడలు రఫియాకు, నీ బుర్ఖా అంచు మొలకు తట్టి చినిగింది, కుట్టిచ్చుకో అని రాసిండు. అది చినిగింది వాడు పోయినంక. మా వాకిట్ల మొల. దుబాయిల కూసున్నోనికి ఎట్ల కనవడ్డది?" ఆమె గొంతు తగ్గించింది. "బతికినోళ్ల సూపు గంత దూరం ఆనది బాయీ. పోయినోళ్లకే ఆనతది."

"కలల వస్తడా?"

"వస్తడు. గోడకు ఆనుకొని నిలవడతడు. దగ్గుతడు. కండ్లు తెరిచినంక గూడ ఆ దగ్గు ఇనవస్తది."

రుక్మాబాయిని పట్టేసింది ఒకటే: ముసలామె కంట్లో చుక్క నీరు లేదు. దాచిపెట్టుకుంది. ఎందుకు దాచుకుందో ఆ వెంటనే ఆమే చెప్పింది.

"కొడుకు పోయిండంటే ఫాతెహా చదివియ్యాలె. ఉన్నడంటే ఏడుపు వానికి కీడు. నేను ఏడ్వాల్నా వద్దా, అదొక్కటి తేల్చు. రేపు పగటీలి ఇల్లు రిజిస్ట్రీ అయితది. పెండ్లినాడు మెహర్ కింద ఇచ్చిన ఇల్లు, రఫియా పేరు మీదనే ఉన్నది. పొద్దుమీకి అది బొంబాయి బస్సెక్కుతది. ఘనీ రమ్మన్నడట. సంతకం పడ్డదంటే ఇల్లు పోయె, పిల్ల పోయె. నేను ఆ డబ్బా ముంగట కూసోవాలె."

తెల్లారి పొద్దున్నే రుక్మాబాయి ఎల్లారెడ్డిలో దిగింది.

ఇంటి ముందరి గదే ఘనీ కంప్యూటర్ దుకాణం. ఆయన పోయినప్పటి నుంచి మూతపడింది. నాలుగు కంప్యూటర్లకు దుప్పట్లు కప్పి ఉన్నాయి, శవం మీద కప్పినట్టు. గోడ గూట్లో ఆ డబ్బా. దాని మీద పచ్చటి గుడ్డ, ముందర మట్టి మూకుడులో నిప్పుల మీద ఊదు పొగ. బేస్తవారం బేస్తవారం హసీనాబీ వేసే ఊదు అది, ఈ రోజు సోమవారమైనా వేసింది.

ఆ పొగలోంచి ఒక మనిషి కనపడ్డాడు. సాసరులో చాయ్ పోసుకుని ఊదుకుంటున్నాడు. రుక్మాబాయికి ఒళ్లు మండింది.

దేవయ్య. పోలీసుల్లో జమేదారుగా చేసి దిగిపోయాడు. దిగిన మర్నాడే 'డిటెక్టివ్ దేవయ్య' అని కార్డులు కొట్టించుకున్నాడు. కిందటేడు నస్రుల్లాబాద్ పెండ్లికొడుకు సంగతిలో ఆయన 'మంచి పిలగాడు' అని రాసిచ్చిన వాడికి అప్పటికే మస్కట్లో ఒక సంసారం ఉందని రుక్మాబాయి బయటపెట్టింది. అప్పటి నుంచి ఇద్దరికీ ఉప్పూ నిప్పూ.

"ఏం రుక్మాబాయీ, పాత తీగలు కొననీకె గీ ఊరు దాంక వచ్చినవా?"

"లేదు జమేదార్ సాబ్. మీరు ఇడిసిపెట్టినయి ఏరుకుంట వస్తున్న. నస్రుల్లాబాద్‌ల చాన దొరికినయి."

"ఇంకా ఆ ముచ్చటనేనా?"

"మీరు మర్చిపోతరని."

పక్కన కూర్చున్న తెల్ల బట్టల మనిషి చిన్నగా నవ్వాడు. అత్తరు వాసన ఊదు వాసనను దాటి వస్తోంది. ఆయనే ఫరీద్, ఘనీకి దుకాణంలో భాగస్వామి. ఊళ్లోవాళ్లకు వీసాలు తెప్పించేది కూడా ఆయనే. ఘనీని బొంబాయి దాకా తీసుకుపోయి విమానం ఎక్కించింది తానేనని చెబుతాడు.

"మనల మనకు లొల్లెందుకక్కా," అన్నాడు ఫరీద్. "అమ్మీ రంది పడుతున్నదని నేనే దేవయ్యన్నను పెట్టిచ్చిన. ఆయన తేల్చిండు గూడ."

దేవయ్య జేబులోంచి ఒక కాగితం తీసి రుక్మాబాయి మొహం ముందు ఆడించాడు. "ఇగో, ఆఖరి ఉత్తరం. పైన ఘనీ పేరున్నది, దుబాయి కంపెనీ అడ్రసున్నది. నిజామాబాద్‌ల కంప్యూటర్ చెప్పే సారుకు చూపిచ్చిన. దుబాయిదే అన్నడు. కేసు బందు."

"కవరు మీద ఎవలు ఏదన్న రాస్తరు సాబ్. పోస్టు ముద్ర ఏ ఊరిదో చూసిండ్రా?"

"కంప్యూటర్‌కు ముద్రేందమ్మా."

"అదే చూద్దామని వచ్చిన."

ఆమె లోపలి గదిలోకి పోయింది.

రఫియా పెట్టె సర్దుతోంది. అప్పుడే ప్రయాణపు బుర్ఖా వేసుకుంది. అంచు దగ్గర కొత్త కుట్టు కనపడుతోంది. రుక్మాబాయి ఎందుకు వచ్చిందో ఆమెకు తెలుసు, అందుకే మొహం తిప్పుకునే మాట్లాడింది.

"అమ్మీ మిమ్ముల పిలిపిచ్చింది, సరే. నాకు దయ్యాల ముచ్చట చెప్పకుండ్రి అక్కా. నా మొగడు బతికిండనేదానికి నాకున్నది ఆ ఉత్తరాలే. అవి గూడ గుంజుకుంటరా?"

"గుంజుకోను. అవి మీ ఆయన రాసినయే అంటవా?"

"ఆయనయే. నన్ను హవల్దార్ అని పిలుస్తడు. చాయ్ ఎక్వ తాగితే గ్లాసు గుంజుకుంట గదా, అందుకు. ఆ పేరు అమ్మీకి గూడ ఎరికలే. ప్రతి ఉత్తరంల ఉంటది."

"ఆఖరి దాంట్ల?"

రఫియా చేతిలోని చీర మడత సగంలో ఆగింది. "లేదు. తొందరల రాసిండేమో."

"అది ఎప్పుడు వచ్చింది?"

"మొన్న శుక్రారం. జుమ్మా నమాజ్ అయినంక. ఉత్తరం వస్తే డబ్బా మూడు కూతలు పెడ్తది, ఆయన గట్ల చేసిపెట్టిండు. గదికి తాళమేసి ఉన్నా లోపట్నించి కూత వస్తది. రాత్రిళ్లు వింటే..." ఆమె ఆ మాట పూర్తి చేయలేదు. "అమ్మీ జడుసుకుంటది. నేను సంబరపడ్త."

"ఏం రాసిండు?"

"నిన్న పిడుగు చప్పుడుకు అమ్మీ భయపడ్డదా అని అడిగిండు. ఇల్లు అమ్మి రా, ఫరీద్ భాయ్ తోలుకొస్తడు అన్నడు. అంతే."

"పిడుగు బేస్తారం పడ్డది, అవునా?"

"ఆ. మస్తు ఉరిమింది. నేను ఉరికి ఫోన్ వైరు పీకేసిన."

ఈ ముక్క ఇక్కడివాళ్లకే తెలుసు బిడ్డా. మబ్బు గర్జించిందంటే టీవీ తీగ పీకినట్టే ఫోను తీగ కూడా పీకేవాళ్లు. అంతకు ముందు ఏడు పిడుగు ఫోను తీగ వెంట వచ్చి ఘనీ మోడెంను బొగ్గు చేసింది. అప్పటి నుంచి ఆయన పెండ్లానికి నమాజు నేర్పినట్టు నేర్పాడు, ఉరుము వినపడితే ముందు వైరు, తర్వాతే ఆరేసిన బట్టలు.

రుక్మాబాయి ఆమె పక్కన మంచం మీద కూర్చుంది. గొంతు పెంచకుండా అడిగింది.

"పీకినవు. మళ్ల ఎప్పుడు పెట్టినవు?"

"శనారం. అప్పటి దాంక మబ్బు ఇడువలే."

"ఉత్తరం వచ్చింది శుక్రారం అన్నవు."

రఫియా మొదట తలూపింది. అలా ఊపుతూ ఊపుతూనే ఆగిపోయింది. వైరు పీకి ఉన్న ఇంటికి దుబాయి నుంచి ఉత్తరం ఎలా వచ్చింది? ఆ ప్రశ్న ఆమె కండ్లలోకి మెల్లమెల్లగా, బావిలోకి బొక్కెన దిగినట్టు దిగింది. చేతిలోని చీర జారిపోయింది.

"యా అల్లా," అంది. "అయితే అమ్మీ చెప్పిందే నిజమా? ఆయన లేడా?"

"గంత దూరం పోకు బిడ్డా. నా ఎన్క రా."

ముందరి గదిలో రుక్మాబాయి ఈ సంగతి చెప్పగానే దేవయ్య తొడ మీద చెయ్యి కొట్టుకుని నవ్వాడు. ఆ నవ్వులో తప్పు పట్టడానికి లేదు, ఆయన తెలివి తక్కువ మనిషి కాదు.

"అంతేనా? ఉత్తరం పిడుగుకు ముందే వచ్చి డబ్బాల కూసున్నది. శుక్రారం కూత పెట్టింది. కోడి గుడ్డు ఒకనాడు పెడ్తది, కూత ఇంకోనాడు కూస్తది."

"మంచిగ చెప్పిండ్రు సాబ్. ఇగ ఆ కాగితం చదువుండ్రి. మొదటి ముక్క."

దేవయ్య కండ్లద్దాలు పెట్టుకుని చదివాడు. "నిన్న పిడుగు చప్పుడుకు అమ్మీ భయపడ్డదా..." అక్కడ ఆగి, కాగితాన్ని వెలుతురుకు పట్టి మళ్లీ చదివాడు. పిడుగుకు ముందు వచ్చిన ఉత్తరానికి పిడుగు సంగతి ఎట్లా తెలుస్తుంది? ఆయన మరి నవ్వలేదు. చాయ్ చల్లారిపోయింది, అది కూడా తాగలేదు.

ఫరీద్ లేచాడు. "పొద్దెక్కుతున్నది, రిజిస్ట్రీ ఆఫీసుల మనోళ్లు చూస్తుంటరు. ఈ లెక్కలు మళ్ల..."

"కూసోండ్రి ఫరీద్ భాయ్," అంది రుక్మాబాయి. "డబ్బాను ఒక్కపారి చూసి పోదాం. దాని ముంగట్నే గదా అందరం ఏడుస్తున్నం."

ఆమె మూకుడు పక్కకు జరిపి పచ్చగుడ్డ తీసింది. హసీనాబీ గబుక్కున తల మీద కొంగు కప్పుకుంది.

పాత కంప్యూటర్ పెట్టె అది. తెర లేదు, మీటల పలక లేదు. లోపల చిన్న గాలిపంకా ఒకటి ఊపిరి తీసినట్టు తిరుగుతోంది. మనిషి పోయినా ఆ ఊపిరి ఆగలేదు.

"మొకం లేదు, చేతుల్లేవు. గిదేం కంప్యూటర్?" అన్నాడు దేవయ్య.

జవాబు రఫియా ఇచ్చింది. ఘనీ ఆ డబ్బాను కూర్చినప్పుడు ఆమె పక్కన దీపం పట్టుకుని కూర్చుంది. ఆయన స్క్రూ బిగించిన కొద్దీ మాటలు చెప్పేవాడు, ఆమె వినేది.

"దీన్ని రూటర్ అంటరు. కంపెనీది కొనాలంటే జోడెడ్ల ధర. ఆయన ఏం చేసిండంటే, ఒక ఆఫీసోళ్లు పారేసిన కంప్యూటర్ తెచ్చి దాంట్ల రెండు నెట్‌వర్క్ కార్డులు పెట్టిండు. లైనక్స్ అని ఒకటి ఉన్నది, పుస్తకంతోని సీడీల వస్తది, దాన్ని ఎక్కిచ్చిండు. అది ఒక్కలది కాదు. ఎవలన్న ఊరికే తీసుకోవచ్చు, లోపల ఏమున్నదో చూడొచ్చు, దిద్దుకొని పక్కోనికి ఇయ్యొచ్చు. పెండ్లి విందుల అందరు తినే దేగ్ తీరు అనెటోడు. దీనికి చూసే పని, రాసే పని లేదు. వచ్చిన కబురును దాచి, ఎటు పంపాలో అటు మలుపుడే."

"మన కామారెడ్డి స్టేషన్ల కాంటా మలిపి రైలును ఇంకో పట్టా ఎక్కిచ్చినట్టు," అంది రుక్మాబాయి. "దీనికి దర్వాజలు ఎన్ని?"

"మూడు. ఒకటి ఫోన్ వైరు, బయటి లోకం దర్వాజ. రెండోది ఈ కార్డు, దుకాణంల ఉన్న నాలుగు కంప్యూటర్లకు. మూడోది ఆ కార్డు. గోడ అవుతల టైపింగ్ సెంటర్ ఉండె గదా మాది, దాని కోసం. అది ఎన్నడో బందైంది. ఇప్పుడు ఆ అర్రల ఫరీద్ భాయ్ సామాను పెట్టుకున్నడు."

"ఖాళీ డబ్బాలు, పాత బల్లలు," అన్నాడు ఫరీద్. "తాళంచెవి నిజామాబాద్‌ల ఉన్నది."

రుక్మాబాయి ఆ మాట విననట్టే నేల మీద మోకాళ్లు ఆనించి డబ్బా వెనక్కి తల పెట్టింది. దుమ్ము, బూజు. రెండు కార్డుల వెనక రెండు తీగలు. ఒక్కో తీగ పక్కన ఆవగింజంత దీపం. దుకాణం కార్డు దీపం ఆరిపోయి ఉంది, దుప్పట్ల కింద కంప్యూటర్లన్నీ బందే కాబట్టి. గోడ అవతలి అర్రకు పోయే కార్డు దీపం మాత్రం వెలుగుతోంది. చీకట్లో పిల్లి కన్నులా, రెప్ప వేయకుండా, పచ్చగా.

ఎక్స్ఛేంజిలో అన్నేండ్లు రెప్పలు చూసిన ఆడమనిషి ఆమె. తల తీయకుండానే అడిగింది.

"రఫియా, ఈ దీపం ఎప్పుడు వెలుగుతది?"

"తీగ అవుతలి కొసన ఉన్న మిషన్ నడుస్తుంటేనే."

చెప్పిన మాట తన చెవికే వినపడి రఫియా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తాళం వేసిన అర్రలో, పాత బల్లల మధ్య, ఎవరి మిషన్ నడుస్తోంది?

"పాత సామాను అక్కా," అన్నాడు ఫరీద్. నవ్వబోయాడు గానీ పెదవులు కలిసి రాలేదు. "ఊరికెనే వెలుగుతది."

"వెలగనీయిండ్రి."

రుక్మాబాయి లేచి గోడ దగ్గరికి పోయింది. ఫోను తీగను కొన దగ్గర పట్టి పీకింది. కొనను అరచేతిలో పెట్టుకుని అందరికీ చూపించింది.

"ఇగ ఈ డబ్బాకు దుబాయి లేదు, బొంబాయి లేదు, పక్కనున్న తాడ్వాయి గూడ లేదు. దుకాణం కంప్యూటర్లు బందున్నయి. మనం అందరం గీడనే ఉన్నం, మీరు గూడ ఉన్నరు ఫరీద్ భాయ్. ఊకె కూసుందాం."

"ఎంతసేపు?" అన్నాడు దేవయ్య.

"మీరు చాయ్ తాగినంతసేపు."

ఎవరూ చాయ్ తాగలేదు. ఊదు పొగ దూలాల కింద చుట్టలు చుట్టింది. ఫరీద్ మెడ మీద చెమట కాలరు లోపలికి జారుతోంది. హసీనాబీ పెదవులు కదులుతున్నాయి, తస్బీ పూసలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. బయట వాకిట్లో తీగ మీద ఎవరిదో చున్నీ గాలికి కొట్టుకుంటోంది.

అప్పుడు డబ్బా కూసింది.

మూడు కూతలు. సన్నగా, గొంతు తడారిన పిట్ట కూసినట్టు.

దేవయ్య చేతిలో సాసరు నేల మీద పడి ముక్కలైంది. తీగ కొన ఇంకా రుక్మాబాయి అరచేతిలోనే ఉంది. అందరికంటే ఎక్కువగా జడుసుకున్నది ఫరీద్. ఆయన డబ్బా వైపు చూడలేదు, గోడ వైపు చూశాడు. ఆ చూపు రుక్మాబాయి చూసింది.

రఫియా అప్పటికే ఒక కంప్యూటర్ మీది దుప్పటి లాగేసింది. అది మేల్కొనేసరికి ఒక జన్మ గడిచినట్టయింది. ఉత్తరం తెర మీదికి వచ్చింది, ఇంగ్లీషు అక్షరాల్లో వాళ్ల ఇంటి మాట. రఫియా పైకి చదివింది. మొదటి మాట దగ్గరే ఆమె గొంతు పగిలింది.

"హవల్దార్. సంతకం పెట్టకు. బస్సెక్కకు. నేను దుబాయి పోలే. బొంబాయి నుంచే మళ్లి వచ్చిన. అప్పు చేసి పోయినోన్ని, ఒట్టి చేతులతోని వచ్చి మీకు మొకం చూపిచ్చనీకె సిగ్గయ్యింది. కొన్ని దినాలు దాక్కొమ్మని ఫరీద్ అన్నడు. నేనే సరే అన్న. తర్వాత బయటికెళ్లి తాళమేసిండు. గోడకు ఇవుతల్నే ఉన్న. నువ్వు బుర్ఖా ఏసుకున్నది వెంటిలేటర్‌లకెళ్లి చూసిన. ఇగ సిగ్గు లేదు. అమ్మీని ఏడ్వొద్దను."

హసీనాబీ గోడ దగ్గరికి పోయి రెండు చేతులూ ఆనించింది. కలలో విన్న దగ్గు కల కాదు బిడ్డా. ఆ గోడ ఒక్క ఇటుక మందం.

"దీపం," అంది రుక్మాబాయి.

డబ్బా వెనక ఆ పచ్చ దీపం ఆరిపోయింది.

ఎవరో అవతల మిషన్ బందు చేశారు. లేదా తీగ తెంపారు. ఘనీ కాదు, ఘనీకి ఆ అవసరమే లేదు. ఫరీద్ ఇక్కడే ఉన్నాడు. మరి ఎవరు?

దేవయ్య కుర్చీ తన్ని లేచాడు. ఆ క్షణంలో మళ్లీ పాత జమేదారే అయ్యాడు. ఫరీద్ మెడ పట్టుకుని, లాల్చీ జేబులో చెయ్యి పెట్టి తాళంచెవి బయటికి తీశాడు.

"నిజామాబాద్ గింత దగ్గరున్నదా రా? నా చేత దొంగ సాక్ష్యం చెప్పిస్తవా? నా కార్డు మీద ఉమ్మేసినట్టు చేసినవు గదరా."

అందరూ వాకిలి దాటి పక్క అర్ర ముందుకు పోయారు. తాళం తీశారు. లోపల మగ్గిన గాలి. ఒక చాప, నీళ్ల కుండ, తినని రొట్టె. గోడ పైన వెంటిలేటర్, దాని కింద ఎక్కి చూడటానికి ఒకదాని మీద ఒకటి వేసిన బల్లలు. అందులోంచి చూస్తే వాకిలి మొత్తం కనపడుతుంది, బట్టలారేసే తీగ, దర్వాజ మొల అన్నీ. దయ్యం చూపు అనుకున్నది ఆ సందు నుంచి వచ్చిన చూపు. మూలన కంప్యూటర్. తెర చీకటిగా ఉంది. రుక్మాబాయి దాని నెత్తి మీద చెయ్యి పెట్టింది. వెచ్చగా ఉంది.

వెనక తలుపు తెరిచే ఉంది. బురదలో ఇద్దరి అడుగులు, ఒకరివి ఈడ్చుకుపోయినట్టు.

మనిషి లేడు.

రఫియా ఆ వెచ్చటి తెర పక్కన నిలబడి ఫరీద్ వైపు తిరిగింది. తిట్టలేదు, కొట్టలేదు. "ఎవలు?" అని మాత్రం అడిగింది.

ఫరీద్ నేల మీద కూలబడ్డాడు. "బొంబాయోళ్ల మనిషి. ఘనీకి కావలి వాడే, ఉత్తరాలు గూడ వాని ముంగట్నే రాయాలె, రెండో తాళంచెవి వాని దగ్గరున్నది. పోయినోళ్ల పాస్‌పోర్టులు గుంజుకునే జాగ ఘనీ చూసిండు. ఊళ్లె అందరికి చెప్తనన్నడు. వాండ్లు నా మీద పడ్డరు. ఘనీ ఇల్లు అమ్మి మా నష్టం కట్టు, వాని పెండ్లాన్ని మా దగ్గర పెట్టు, అప్పుడు వాడు నోరు తెరవడు అన్నరు. ఆ ఆఖరి ఉత్తరం గీ మిషన్ మీద నేనే రాసిన, నన్ను చంపుతరని..."

"నిన్ను చంపుతరని వాన్ని అమ్మినవు," అంది హసీనాబీ. కర్ర ఊతగా పోయి వాకిలి గడప మీద అడ్డంగా కూర్చుంది. ఫరీద్ బయటికి పోవాలంటే ఆమెను దాటాలి.

రుక్మాబాయి దుకాణంలోకి ఉరికింది. పోలీసులకు ఫోను చేయాలి. గూట్లో ఫోనుకూ డబ్బాకూ ఒకటే తీగ, నేల మీద వదిలేసిన దాని కొనను గోడలో గుచ్చింది.

గుచ్చీ గుచ్చగానే ఫోను మోగింది.

ఆమె ఎత్తింది. మగ గొంతు, బొంబాయి యాస, తొందర లేని గొంతు.

"ఎంతసేపటి సంది కొడుతున్న. వైరు పెట్టినారా? రుక్మాబాయి గదా నువ్వు. నీ పేరు గోడకెళ్లి ఇన్నడట, ఈ పిలగాడే చెప్పిండు. సంతకం అయితే మనిషి ఇంటికి వస్తడు. లేకుంటే ఏ కాలువల తేలుతడో మీరే వెతుక్కోవాలె."

ఆమె వింటోంది. దూరపు లైనుకు ఒక హోరు ఉంటుంది, సముద్రపు శంఖం చెవికి పెట్టుకున్నట్టు. ఈ లైనులో ఆ హోరు లేదు. మాట పక్కింటిదంత దగ్గరగా ఉంది. ఆ మాట వెనక ఇంజను గురగుర, దాని వెనక ఒక కండక్టరు పాటలాగా పిలుస్తున్నాడు: "బాన్సువాడ, బాన్సువాడ, బాన్సువాడ..."

ఎల్లారెడ్డి బస్టాండు. ఎదుటి ఎస్టీడీ బూత్.

రుక్మాబాయి రిసీవరు మూతి మీద అరచెయ్యి మూసి, దేవయ్య చొక్కా పట్టి దగ్గరికి లాగి రెండే మాటలు చెప్పింది. ఆయన చెప్పులు కూడా తొడుక్కోలేదు. అరవై ఏండ్ల మనిషి, పొట్ట ఊపుకుంటూ, పగిలిన సాసరు ముక్కల మీద నుంచే ఉరికాడు.

"ఏం మాట్లాడవేంది?" అంది ఫోనులో గొంతు. "బండి స్టార్ట్ చేసి పెట్టిన నేను."

ఇక ఆ బొంబాయివాణ్ని బూత్‌లోనే నిలబెట్టాలి. ఎట్లా? డిటెక్టివ్ మాట వింటే ఫోను పెట్టేస్తాడు. రుక్మాబాయి చుట్టూ చూసింది. రఫియా చెయ్యి చాపి నిలబడి ఉంది. రిసీవరు తీసుకుంది.

"భాయ్‌సాబ్, నేను రఫియాను," అంది, ఏమీ తెలియని పిల్ల అడిగినట్టు. "సంతకం పెడ్త. ఈడ కాగితాలు మస్తున్నయి, ఎక్కడ పెట్టాల్నో నాకు తెల్వదు. మొదటి కాగితం నుంచి జర మెల్లగ చెప్పుండ్రి, ఒక్కొక్కటి. నాకు రాసుట్ల కొంచెం ఆలస్యం అయితది."

ఆ గొంతు విసుక్కుంది. కానీ చెప్పడం మొదలుపెట్టింది.

చేతిలో కాగితం లేదు, కలం లేదు. ఒట్టి గోడను చూస్తూ రఫియా ఒక్కో ప్రశ్న అడుగుతూనే ఉంది. స్టాంపు ఎక్కడ, వేలి ముద్రా సంతకమా, సాక్షి పేరు పైనా కిందా. ఫోనులో ఇంజను రొద పెరిగింది. కండక్టరు ఈల వేశాడు. దాని మీదుగా, బూత్ తలుపు దభాలున తెరుచుకున్న చప్పుడు, ఆ వెనకే దేవయ్య రొప్పు వినపడింది.

అక్కడి దాకా గుర్తుపెట్టుకోండి బిడ్డా. ఏ ఇంట్లో దేశం పోయినవాడి కబురు కోసం చూస్తున్నారో ఆ ఇంట్లో కూర్చుని ఈ ముచ్చట మొదటి నుంచి చెప్పండి. నా పేరు చెప్పకపోయినా ఏం లేదు. ఆ తలుపు చప్పుడు విన్నప్పుడు కూడా రఫియా గొంతు వణకలేదని, తర్వాతి కాగితం ఏదని అడిగిందని, అదొక్కటి మాత్రం వదలకుండా చెప్పండి.